అడుగు కదలని ప్రయాణము



గతమాసమున ఈ పుటయందు వేసవినాటి త్రాగునీటిని గూర్చియు, కుండల శుభ్రతను గూర్చియు ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున నేనెత్తుకొనిన విషయము వంటింటికి గాని పెరటికి గాని సంబంధించినది కాదు. నగరములలో మాల్ అని మనము పిలుచు పెద్ద అంగడి భవనములందు, పై అంతస్తున ఆటలకై ప్రత్యేకించిన శాలలు గలవు. అందు సిమ్యులేటర్ అను యంత్రమొకటి యుండును. దానిలో కూర్చున్నవారు రోలర్ కోస్టర్ బండి నెక్కి కొండలమీదికి ప్రాకి, లోయలలోనికి దూకినట్లు భ్రమపడుదురు. యంత్రము మాత్రము ఉన్నచోటు విడిచి అడుగైనను ముందునకు సాగదు.

“ఇది పిల్లల ఆట గదా, గృహిణుల పుటలో దీనికేమి పని?” యని మీరడుగవచ్చును. ఆరు నెలల క్రిందట నేనును అట్లే యడిగియుందును. ఆ యంత్రమునొద్ద నేను చేసిన తప్పొకటి నాచేత నిది వ్రాయించుచున్నది.

మా ఊరు పెబ్బేరు. హైదరాబాదునుండి కర్నూలునకు పోవు 44వ సంఖ్య జాతీయ రహదారిమీద నున్నది. వారపు సంతకు నాలుగు దిక్కులనుండి వచ్చు పశువులును, గొఱ్ఱెలును మా ఊరికి పేరు తెచ్చినవి. వినోదమనగా మాకు జాతరయే. శ్రీరంగాపురమున రంగనాయకస్వామి ఉత్సవములకో, కార్తికమాసమున కురుమూర్తి జాతరకో పోయినపుడు రంగులరాట్నము చూచుట మాకు చిన్ననాటినుండియు అలవాటు. చూచుట యని యేల యంటిననగా, పెండ్లియైన స్త్రీలు దాని నెక్కుట అరుదు. పిల్లలు ఎక్కుదురు, మగవారు ఎక్కుదురు. మనము వారి చెప్పులను, సంచులను, చంటిబిడ్డను పట్టుకొని క్రింద నిలుచుందుము.

నేడు జాతరతోనే వినోదము తీరుట లేదు. హైదరాబాదు మాకు సుమారు 150 కిలోమీటర్ల దూరము. పెండ్లి బట్టలకని, వైద్యమునకని, బిడ్డల చదువునకని పోవుచునే యుందుము. పోయిన పని ముగియగానే పిల్లలు మాల్‌లోని ఆటలశాలకు చేయిపట్టి లాగుదురు. కావున ఆ శాలలోని సంగతులను తల్లులు తెలిసికొనుట యవసరము.

ఆనాడు బట్టలు కొనుటకై నేనును, మా అత్తగారును, పెండ్లియై యెనిమిది నెలలైన నా కోడలును నగరమునకు పోతిమి. అచ్చటనే కాపురమున్న మా కూతురు, అల్లుడు, వారి పిల్లలిద్దరు మాతో కలిసిరి. బేరములు ముగిసిన పిమ్మట అందరమును ఆటలశాలకు చేరితిమి. లోహపు కాళ్లమీద నిలిపిన చిన్న గది, లోపల రెండు వరుసల కుర్చీలు, ఎదుట తెర, కుర్చీలకు నడుము పట్టీలు. అంతియే ఆ యంత్రము. ఆట అయిదు నిమిషములు. అల్లుడు చీటీలు కొని తెచ్చెను.

నా కోడలు వాకిటనున్న పలకను చదివి వెనుకకు జరిగి, “అత్తమ్మా, నేనెక్కను. మీరు పోయి రండి” అనెను. మా కూతురు నవ్వి, “ఏమి వదినా, భయమా? నా బిడ్డకు ఏడేండ్లు, అదే యెక్కుచున్నది” అనెను. పిల్లలు చప్పట్లు చరచిరి. నేనేమంటినో చెప్పుటకు సిగ్గగుచున్నది. “కూర్చుండు కుర్చీకి భయమెందుకు బిడ్డా? చీటి కూడ కొనిరి. రూపాయలు వృథా యగునుగదా” యంటిని. అత్తగారి మాటపై ఆ పిల్ల మరల నోరెత్తలేదు. తలవంచుకొని యెక్కెను.

అదే సమయమున డెబ్బది రెండేండ్ల మా అత్తగారు, “నాకును ఒక చీటి తీయరాదా? అదేమో చూతును” అని యడిగిరి. మేమందరము నవ్వితిమి. “నీకెందుకు అవ్వా, క్రింద కూర్చుండుము” అని మా కూతురు ఆమె చేతికి మా చెప్పుల సంచి నిచ్చెను.

ఆట ముగిసి తలుపు తీయగానే నా కోడలు గోడ పట్టుకొని క్రిందికి దిగి, నేలమీదనే కూర్చుండెను. ముఖము తెల్లబారి చెమటలు పోసినవి. కొంగు నోటికడ్డము పెట్టుకొని డోకుకొనెను. “ఇంత సుకుమారమైన నెట్లు?” అని యెవరో యనిరి. ఆ రాత్రి అందరును పండుకొనిన పిమ్మట ఆమె నా ప్రక్కకు వచ్చి మెల్లగా చెప్పెను: ఆమెకు రెండవ నెల. మూడవ నెల నిండువరకు ఎవరికిని చెప్పవలదని తల్లి యాజ్ఞ. గర్భిణులు ఎక్కరాదని ఆ పలకమీద వ్రాసియున్నది. అది చదివియే ఆమె వెనుకకు జరిగినది. కారణము చెప్పక “ఎక్కను” అనుట ఆమెకు సాధ్యమైనది. ఆ మాటను నిలుపుకొనుట మాత్రము, నా నోటివలన, సాధ్యము కాలేదు.

తెల్లవారి వైద్యురాలి యొద్దకు తీసికొని పోతిని. భయపడవలసినదేమియు లేదని ఆమె పరీక్షించి చెప్పిన పిమ్మట నాకు ఊపిరి వచ్చినది. ఇప్పుడు నా కోడలికి నెలలు నిండుచున్నవి. ఆమె యనుమతితోనే ఈ సంగతి వ్రాయుచున్నాను. పిమ్మట నేను ఆ యంత్రమెట్టిదో, అది మన శరీరమును ఎట్లు మోసగించునో, అడిగియు చదివియు తెలిసికొంటిని. తెలిసిన కొలది నా మాటలోని యజ్ఞానము నాకు విశదమైనది.

మొదట దాని పుట్టుక చెప్పెదను. తెరమీద బొమ్మ కదలుచుండగా కూర్చున్న చోటును కదలించి ప్రయాణభ్రాంతి కలిగించుట నూరేండ్లకు పైబడిన ఉపాయము. అమెరికాలోని కాన్సాస్ నగరమున అగ్నిమాపక దళమునకు పూర్వము నాయకుడుగా నుండిన జార్జి హేల్ 1905లో రైలుపెట్టె వంటి గదిని కట్టించి, ఎదుట తెరమీద రైలునుండి తీసిన చలనచిత్రమును చూపి, పెట్టె నూగించి, చక్రముల చప్పుడు వినిపించి, జనులచేత దూరదేశములు తిరిగివచ్చినట్లు అనిపించెను.

తరువాతి మెట్టు ఎడ్విన్ లింక్ అనువానిది. అతని తండ్రికి పియానోలు, ఆర్గన్ వాద్యములు చేయు కర్మాగార ముండెను. మన హార్మోనియమునందువలెనే ఆర్గన్ వాద్యమందును గాలితిత్తు లుండును. ఆ తిత్తులనే చిన్న విమానపు బొమ్మకు అమర్చి, అది ముందునకు, వెనుకకు, ప్రక్కలకు వంగునట్లు 1929లో అతడు యంత్రము చేసెను. నేలమీదనే విమానము నడుపుట నేర్పవలెనని అతని తలంపు. విచిత్రమేమనగా దానిని తొలుత కొన్నవారిలో హెచ్చుమంది వినోదశాలల యజమానులే. 1934లో తపాలా మోయు సైనిక విమానములు కూలి పలువురు వైమానికులు మరణించిన పిమ్మట గాని ఆ దేశపు సైన్యము దాని విలువ నెరుగలేదు. అప్పుడు ఆరు యంత్రములు కొనిరి. ఆట వస్తువుగా చూడబడినది ప్రాణములు కాపాడు పాఠశాల యైనది.

నేటి యంత్రములకు ఆధారము ఆరు కాళ్ల పీఠము. ఒక్కొక్క కాలును పొడవగుచు పొట్టియగుచు నుండుటచేత, పీఠము పైకి, క్రిందికి, ముందునకు, వెనుకకు, ప్రక్కలకు జరుగును. వంగును, ఒరగును, తిరుగును. ఎరిక్ గఫ్ అను ఇంజనీరు ఇంగ్లండులో మోటారు చక్రముల రబ్బరు తొడుగులను పరీక్షించుటకై 1950 తరువాతి యేండ్లలో ఇట్టి దాని నమర్చెను. విమాన శిక్షణకు అట్టి పీఠము తగునని స్టీవర్ట్ అను మరియొక ఇంజనీరు 1965లో ప్రకటించెను. 1987 జనవరిలో అమెరికాలోని డిస్నీలాండు వినోదోద్యానమున అంతరిక్షయాత్ర ననుకరించు యంత్రము తెరచిరి. ఆనాటినుండి ఈ వినోదము లోకమంతట వ్యాపించినది. మన మాల్‌లలోని చిన్న యంత్రములన్నిటికిని ఆరు కాళ్లుండవు. కొన్నిటికి రెండో మూడో యుండును. ఉపాయము మాత్రమొక్కటియే.

ఆ ఉపాయమేమి? మీరు బస్సుస్టాండులో నిలిచిన బస్సునందు కిటికీ ప్రక్కన కూర్చుండగా, ప్రక్క బస్సు వెనుకకు పోయినపుడు మన బస్సే ముందునకు కదలినట్లు ఉలికిపడి యుందురు. కన్ను చెప్పిన అబద్ధమును శరీరము క్షణకాలము నమ్మినదన్నమాట. తెర చేయు పని ఇదియే. పెద్ద తెర కంటినిండ నిండి, పట్టాలు మనవైపు పరుగెత్తి వచ్చుచున్న, మనమే పరుగెత్తుచున్నామని మనస్సు తలంచును.

అయితే కన్నొక్కటియే సాక్షి కాదు. శబ్దము వినుటయే గాక చెవికి మరియొక పని గలదు. లోచెవిలో అర్ధవర్తులాకారమైన మూడు సన్నని గొట్టములు గలవు. వానిలో ద్రవముండును. గిన్నెలో నీరు పోసి గిన్నెను త్రిప్పి చూడుడు. గిన్నె తిరుగును గాని నీరు వెంటనే తిరుగదు. తల త్రిప్పినపుడు ఆ గొట్టములలోని ద్రవమును అట్లే వెనుకబడును. ఆ భేదమును బట్టి తల ఎటు తిరిగినదో మెదడు గ్రహించును. వాని ప్రక్కనే మెత్తని పొరమీద సన్నని సున్నపు రేణువులు పేరుకొని యున్నవి. జున్నుమీద మిరియపుపొడి చల్లినట్లుండునని యూహింపుడు. తల వంచినను, బండి హఠాత్తుగా సాగినను, ఆ రేణువుల బరువుచేత పొర యొక ప్రక్కకు జరుగును. దానివలన వంపును, వేగపు మార్పును తెలియును.

ఇచ్చటనే యంత్రము దొంగదెబ్బ తీయును. బస్సు హఠాత్తుగా సాగినపుడు మనము వెనుకకు ఒరుగుదుము. కుర్చీని మెల్లగా వెనుకకు వంచినను లోచెవిలోని పొర అట్లే జరుగును. రెండింటికిని భేదమును లోచెవి తానై చెప్పజాలదు. కన్ను చెప్పవలెను. కన్నేమో తెరకు వశమై “ముందునకు పోవుచున్నాము” అని చెప్పుచున్నది. కావున గది మూరెడైనను జరుగకయే మనకు మహావేగమున పోవుచున్నట్లు తోచును. వంపు మనకు తెలియనంత మెల్లగా వంచుటయు, తెలియనంత మెల్లగా మరల యథాస్థానమునకు తెచ్చుటయు ఆ యంత్రము నమర్చువారి నేర్పు.

ఈ నేర్పునకును హద్దు గలదు. కన్ను “నిలువునా పడుచున్నాము” అనుచుండగా లోచెవి “లేదు, కొద్దిగా వంగితిమి” అనును. సాక్షులిద్దరును వేర్వేరు మాటలు చెప్పినపుడు న్యాయాధిపతివంటి మెదడు కలతపడును. ఆ కలతయే చెమటలుగా, ఆవులింతలుగా, కళ్లు తిరుగుటగా, డోకుగా బయటపడును. ఘాటు రోడ్డున బస్సులో పుస్తకము చదివిన కడుపులో త్రిప్పుటకును కారణమిదియే. అచ్చట శరీరము కదలుచున్నది, కన్ను కదలిక చూడకున్నది. ఇచ్చట కన్ను చూచుచున్నది, శరీరము కదలకున్నది. కలహమొక్కటియే.

ఇది లోచెవి పని యనుటకు పూర్వమే ఋజువులు దొరికినవి. చెవిటివారిలో కొందరికి ఎంత గిరగిర త్రిప్పినను కళ్లు తిరుగవని విలియం జేమ్స్ అను శాస్త్రజ్ఞుడు 1882లో ప్రకటించెను. వారి లోచెవిలోని తూకపు భాగము కూడ చెడియుండుటయే దానికి హేతువు. చెవిలో చల్లని నీరు పోసినచో ఒకవిధముగను, వెచ్చని నీరు పోసినచో మరియొక విధముగను కనుగ్రుడ్లు కదలుటను పరిశీలించి, ఈ అవయవము పనిచేయు తీరును వివరించిన రాబర్ట్ బారానీ అను వైద్యునికి 1914 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది.

ఇక పిరికితనపు మాట. 1957లో అమెరికా నౌకాదళమున హెలికాప్టరు సిమ్యులేటరులో కూర్చున్న వైమానికులకే వికారము కలిగినట్లు పరీక్షకులు వ్రాసిరి. అంతకంటె చిత్రము, క్రొత్తగా నేర్చుకొనువారికంటె, నిజముగా ఆకాశమున తిరిగివచ్చిన అనుభవజ్ఞులకే ఆ బాధ హెచ్చు. నిజమైన కదలిక ఎట్లుండునో వారి శరీరమునకు బాగుగా తెలియును గనుక అబద్ధమును త్వరగా పట్టుకొన్నది. 1961లో రష్యా పక్షమున భూమిని చుట్టివచ్చిన గెర్మన్ టీటోవ్ అంతరిక్షమున డోకుతో బాధపడెను. అతనిని పిరికివాడనువా రెవరు? కావున యంత్రము దిగి కళ్లు తిరిగిన స్త్రీని చూచి నవ్వుట, ఆరోగ్యముగల చెవిని చూచి నవ్వుటయే.

ఈ బాధ అందరికి నొక్కరీతి నుండదు. రెండేండ్లలోపు శిశువులకు అరుదు. ఆరు మొదలు పండ్రెండేండ్ల వయస్సు పిల్లలకు అధికము. పురుషులకంటె స్త్రీలకు హెచ్చుగా కలుగునని పరిశోధకులు పలుమారు గమనించిరి. నెలసరి దినములలోను, గర్భవతులుగా నున్నపుడును, పార్శ్వపు తలనొప్పి గలవారికిని మరింత హెచ్చు. గర్భిణుల విషయమున వికార మొక్కటియే కాదు. కుదుపు, నడుము పట్టీ యొత్తిడి, దిగునపుడు తూలి పడుట, ఇవి యన్నియు నున్నవి. తెలియక యొకమారు ఎక్కినవారు గుండె చెదరనక్కరలేదు, వైద్యుని సలహా పొందిన చాలును. తెలిసి యెక్కుట మాత్రము తగదు.

ఇప్పుడు తల్లులు చేయవలసిన జాగ్రత్తలను క్లుప్తముగా చెప్పెదను.

మొదటిది, వాకిటనున్న పలకను చదువుట. గుండెజబ్బు, మూర్ఛ, మెడనొప్పి, నడుమునొప్పి గలవారును, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారును, గర్భిణులును ఎక్కరాదని సాధారణముగా వ్రాసియుండును. పిల్లల యెత్తునకు హద్దు చెప్పబడియుండును. ఆ పలక మనకు రాని భాషలో నున్నచో, నడుపువానిని పిలిచి చదివి చెప్పుమనుడు. సిగ్గుపడకుడు. ఆనాడు నేను చదువలేదు, అడుగలేదు. చదివినదాని మాట వినలేదు.

రెండవది, దుస్తులు. చీరకొంగు, ఓణీ, పొడవైన జడ కీళ్లలో చిక్కకుండ దోపుకొనవలెను. మంగళసూత్రపు గొలుసు రవికెలోపల వేసికొనుడు. సూదులు, కొప్పు ముల్లులు తీయుడు. పట్టీ బిగించిన పిమ్మట పిల్లవాని నడుమునకు అది సరిగా పట్టినదా యని మీ చేతితో లాగి చూడుడు. బిడ్డను ఒడిలో పెట్టుకొని యెక్కకుడు.

మూడవది, కడుపు. కడుపునిండ తిని వెంటనే యెక్కరాదు, మాడిన కడుపుతోను ఎక్కరాదు. లోపల నుండగా వికారము తోచినచో కళ్లు మూసికొని తలను కుర్చీకి ఆనించుడు. కన్ను అబద్ధము చెప్పుట మానిన సగము బాధ తీరును. బిడ్డ యేడ్చినచో చేయెత్తి ఆపుమని కేకవేయుడు. యంత్రము నాపుటకు మీట యుండును. అది యెచ్చట నున్నదో ముందే యడుగుడు. ఆట నడుమ నాపిన రూపాయలు పోవుననుకొనవలదు.

నాలుగవది, దిగిన తరువాత. పావుగంట కూర్చుండి నీరు త్రాగుడు. కొందరికి ఆ మత్తు గంటలకొలది యుండును. దిగి వెంటనే స్కూటరు నడుపరాదు. మావలె దూరపు ఊరికి రాత్రి బస్సులో మరలవలసినవారు, ప్రయాణపు వికారము గల బిడ్డను ఆనాడు యంత్రమెక్కించకుండుట మేలు.

అయిదవది, పేర్లను చూచి భ్రమపడకుండుట. “7డి”, “9డి” అని పెద్ద అక్షరములతో వ్రాయుదురు. లోకమున పొడవు, వెడల్పు, ఎత్తు అని కొలతలు మూడే. ముఖముమీద గాలి విసరుట, నీటి తుంపర చల్లుట, కాళ్లకు ఏదో తాకించుట, కుర్చీ నదరించుట, వీనినొక్కొక్కటి లెక్కించి సంఖ్య పెంచుదురు. సంఖ్య పెరిగినంతమాత్రమున ఆట గొప్పది కాదు. కళ్లకు పెట్టె వంటి అద్దములు తగిలించు ఆటలును గలవు. పసిపిల్లలకు అవి తగవని వానిని చేయువారే హెచ్చరించుచున్నారు. వడివడిగా మెరయు వెలుగులు కొందరు పిల్లలకు మూర్ఛ తెప్పించును. జపానులో 1997 డిసెంబరు 16వ తేదీన టెలివిజనులో ఎరుపు నీలము వెలుగులు మార్చి మార్చి మెరసిన బొమ్మల కథ చూచి, ఆరువందలమందికి పైగా, వారిలో పిల్లలే యెక్కువ, ఆస్పత్రుల పాలైరి. మీ యింట మూర్ఛ వచ్చు బిడ్డ యున్నచో ఈ ఆటలను పూర్తిగా మానిపింపుడు.

ఆరవది అన్నిటికంటె పెద్దది. ఆటలశాలలో అడుగుపెట్టగానే బయటికి పోవు ద్వారములు ఎన్ని, ఎచ్చట నున్నవి యని చూడుడు. గుజరాత్‌లోని రాజకోటలో 2024 మే 25వ తేదీన, వేసవి సెలవులలో, ఒక ఆటలశాలయందు అగ్ని రగుల్కొని ఇరువదిమందికి పైగా మరణించిరి. వారిలో పిల్లలును గలరు. అగ్నిమాపక శాఖవారి అనుమతిపత్రము లేకయే ఆ శాల నడచుచుండెనని పిమ్మట తేలినది. రెండవ ద్వారము కనబడని చోట, ఉన్న ద్వారమునకు పెట్టెలు అడ్డము పెట్టిన చోట, బిడ్డలెంత యేడ్చినను వెనుదిరిగి రండు.

ఇంత వ్రాసినందున ఈ వినోదము కూడదని నా యభిప్రాయమని తలంపవలదు. మా మనుమడు దిగినపుడు వాని ముఖమున వెలిగిన సంతోషము నేను మరువలేదు. నిజమైన రోలర్ కోస్టరు నెక్కలేనివారికి ఇది చవుక, దగ్గర, సరిగా నడపిన క్షేమము. బిడ్డకు లోచెవి సంగతి చెప్పి యెక్కించిన, ఆట పాఠమగును. దిగిన పిమ్మట “నిన్ను ఏది మోసగించినది, కన్నా, చెవియా?” యని యడుగుడు. ఆ ప్రశ్నతో వాడు వారము దినములు మీ వెంట తిరుగును.

నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట వేరొకటి గలదు. ఆనాడు మా కుటుంబమున ఎక్కనన్న పిల్లను ఎక్కించితిమి, ఎక్కుదునన్న ముసలామెను క్రింద కూర్చుండబెట్టితిమి. ఇద్దరి శరీరముల సంగతియు మాకు తెలియదు. తెలిసినది వారిద్దరికే. అయినను తీర్పు మేము చెప్పితిమి. కోడలు గనుక కాదనరాదనియు, వృద్ధురాలు గనుక కోరరాదనియు ఎవరు చెప్పిరి? యంత్రము మన కన్నును మోసగించినను, వాకిట పలకమీద నిజము వ్రాసియుంచినది. మేము ఆ నిజమును గూడ వినలేదు.

స్త్రీ “నాకు వలదు” అన్నపుడు దానికి కారణ మడుగుట మన యిండ్లలో అలవాటు. తినుటకైనను, ప్రయాణమునకైనను, ఆటకైనను ఆమె కారణము చూపవలెను. కారణము చూపజాలని స్థితులు ఆడుదాని జీవితమున నెన్నియో గలవు. నెలసరియని చెప్పలేదు, నెల తప్పినదని చెప్పలేదు, గర్భము నిలువలేదని చెప్పలేదు. అట్టివేళ ఆమెకు “వలదు” అను మాట యొక్కటియే ఆసరా. దానిని మనము హాస్యముచేతనో, చీటి రూపాయల లెక్కచేతనో ఊడబెరికినచో ఆమెకు మిగిలినదేమి?

ఇప్పుడు మా యింట నియమమొకటి పెట్టుకొంటిమి. “ఎక్కెదవా?” అని యొక్కమారు అడుగుట. “ఎక్కుదును” అన్నచో పలకను చదివి వినిపించి, జబ్బేమియు లేకున్నచో చీటి కొనుట. “ఎక్కను” అన్నచో మరు ప్రశ్న లేకుండ చెప్పుల సంచి వారి చేతికే యియ్యక, వారి ప్రక్కన నొకరు తోడుగా కూర్చుండుట. ఈ నియమమును మొదట చెప్పినది నేను కాదు, నా కోడలు. నేను ఒప్పుకొంటిని.

మా అత్తగారికి మొన్న వైద్యుడు రక్తపుపోటును, గుండెను పరీక్షించి, పెద్ద కుదుపులు మాత్రము వలదనియు, మెల్లగా తిరుగు రంగులరాట్న మెక్కవచ్చుననియు చెప్పెను. రానున్న కార్తికమున కురుమూర్తికి పోవుదుము. ఆమె గుఱ్ఱపుబొమ్మ మీద కూర్చుండును. చెప్పుల సంచి నేను పట్టుకొందును.

వచ్చు మాసమున వర్షకాలపు ఊరగాయల రక్షణను గూర్చి ముచ్చటించుకొందము.